ఒక సైజు తక్కువ

ఫిబ్రవరి 2

ఈ డైరీ మా బావమరిది ఇచ్చాడు. "ఇక నుంచి నువ్వు వ్యాపారస్తుడివి బావా. వ్యాపారస్తులు డైరీ రాస్తారు" అన్నాడు. వాడు మాత్రం రాయడు. పన్నెండేళ్ళుగా తోలు వ్యాపారం చేస్తున్నాడు, సంతకం తప్ప చేత్తో ఇంకేమీ రాసిన పాపాన పోలేదు. నాకు రాయడం కొత్తే. కానీ కొత్తంటే నాకెప్పుడూ భయం లేదు.

ఆట మానేసి నేటికి యాభై రోజులు. మానేశానని రాస్తున్నాను, మాన్పించారని కాదు. మోకాలు మొరాయించింది, అది వేరే సంగతి. పదహారేళ్ళు ఆటే నా ఉద్యోగం. అందులో తొమ్మిదేళ్ళు కెప్టెన్‌ని. నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, 'ఎడంకాలు' అంటారు. నా గోల్స్‌లో ముప్పాతిక వంతు ఆ కాలివే మరి.

ఇప్పుడు కనబడ్డవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, ఇకమీదట ఏం చేస్తావని. అదీ ఎవరో పోయినట్టు ముఖం పెట్టి మరీ అడుగుతారు. నాకు నవ్వొస్తోంది. నేను ఫుట్‌బాల్ బూట్లు చేయబోతున్నాను. తోలు బావమరిదిది, బుర్ర నాది. కాళ్ళతో బతికినవాడికి తెలిసినంతగా బూట్ల సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?

బూట్ల పేరు కూడా 'ఎడంకాలు' అనే పెట్టాం. మా ఆవిడకి నచ్చలేదు. "రేపు ఎవరైనా మీ బూట్లని ఎడంకాలితో తన్నేశాం అంటే ఏం సమాధానం చెప్తారు?" అంది. అలా అనరని చెప్పాను. అనరు.

ఫిబ్రవరి 5

షెడ్డు చేతికొచ్చింది. అంతకుముందు అచ్చాఫీసు ఉండేదట, గోడలకి ఇంకా సిరా వాసన పోలేదు. కిటికీలు ఎత్తులో ఉన్నాయి, వెలుతురు బాగా వస్తుంది. ఆరు కుట్టు మిషన్లు, అడుగులు అతికించే యంత్రం ఒకటి, పద్నాలుగు మంది పనివాళ్ళు. వాళ్ళకి పెద్ద మేస్త్రి. అరవై ఏడేళ్ళు ఉంటాయి. నలభై ఏళ్ళు నర్సులకీ, పోస్టుమేన్లకీ బూట్లు కుట్టాడట. రోజంతా నిలబడేవాళ్ళు, రోజంతా నడిచేవాళ్ళు. మా జాతి వేరు, రోజంతా పరిగెత్తేవాళ్ళం. మెల్లగా నేర్పిస్తాను.

ఆయనకో అలవాటు ఉంది. మనిషి ఎదురైతే ముందు కాళ్ళు చూస్తాడు, ఆ తర్వాతే ముఖం. నా కాళ్ళు చూసి ఏమీ అనలేదు. అనడానికేముంది, అవి అందరికీ తెలిసిన కాళ్ళే.

ఫిబ్రవరి 9

ఇవాళ మేస్త్రితో మొదటి పేచీ.

బూటు కుట్టాలంటే ముందు పాదం ఆకారంలో చెక్క అచ్చు ఉండాలి. తోలు దాని మీద బిగించి కుడతారు. అచ్చు ఎంతుంటే బూటు అంత. మేస్త్రి తెచ్చిన అచ్చులు చూస్తే నాకు నవ్వు ఆగలేదు. వేళ్ళ దగ్గర కాపురం పెట్టేంత చోటుంది. అలాంటి బూటు వేసుకుని బంతిని తంతే బంతి ఒకవైపు, బూటు ఒకవైపు పోతాయి.

ఆయనకి విడమరిచి చెప్పాను. మాలో ఎవడూ తన సైజు బూటు వేసుకోడు. నా పాదం తొమ్మిది, పదహారేళ్ళూ ఎనిమిదే వేశాను. బూటు ఒంటి చర్మంలా ఉండాలి, బంతి తగిలితే కాలికి తెలియాలి. కొత్త జత వస్తే తడి మేజోళ్ళతో వేసుకుని, గోరువెచ్చని నీళ్ళ బకెట్లో అరగంట కాళ్ళు పెట్టి కూర్చుంటాం. ఆ తర్వాత ఆరేదాకా ఇంట్లో తిరుగుతాం. రెండు మూడు గోళ్ళు నల్లబడి ఊడతాయి, మళ్ళీ వస్తాయి. డ్రెస్సింగ్ రూములో ఎవడికెన్ని ఊడాయో లెక్కపెట్టుకునేవాళ్ళం. నావి పదకొండు.

"బాబూ, పాదం పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. ఉబ్బుతుంది" అన్నాడాయన. "పైగా మనవి పిల్లలు కూడా వేసుకుంటారంటున్నారు. వాళ్ళకి నెలనెలా పెరుగుతుంది."

"మేస్త్రీ, పెద్ద ఆటగాళ్ళు ఎలా వేసుకుంటారో పిల్లలకీ అలాగే అలవాటు కావాలి. చిన్నప్పుడే నేర్పాలి."

"అయితే పెట్టె మీద ఆ మాట రాయించండి. సైజు తక్కువ అని."

ఇక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. రాయిస్తే ఏమవుతుంది? కొనేవాడు భయపడి ఒక సైజు పెంచి కొంటాడు, మన కష్టమంతా బూడిదపాలు. అందుకని రాయించం. పెట్టె మీద ఆరు అని ఉంటుంది, లోపల అయిదు ఉంటుంది. ఆరు అడిగినవాడికి తెలియకుండానే అసలైన ఆటగాడి బిగువు దొరుకుతుంది. ఎవరికీ తట్టని ఆలోచన. బావమరిది విని నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

మేస్త్రి అచ్చుల వైపు చూస్తూ ఉండిపోయాడు. "ఎలా చెప్తే అలా" అన్నాడు చివరికి.

ఫిబ్రవరి 10

అచ్చులన్నీ నేను చెప్పినట్టే చెక్కారు.

ఫిబ్రవరి 17

మొదటి పన్నెండు జతలు పాత జట్టువాళ్ళకి పంపాం. పదిమంది మెచ్చుకున్నారు. మా గోల్‌కీపర్ (వాణ్ణి 'గోడ' అంటాం) మాత్రం ఫోన్ చేసి బండబూతులు తిట్టాడు.

"ఒరేయ్ ఎడంకాలూ, ఇవి బూట్లా, ఎలకల బోనులా? నేను పదకొండు కదా, అలవాటు ప్రకారం ఒకటి తగ్గించి పదని రాశాను. నువ్వు ఇంకోటి తగ్గించావా?"

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. వాడికి వేరే జత పంపుతాను. ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది, మా ఆటగాళ్ళంతా నాలాగే ఆలోచిస్తారు. నా లెక్క తప్పలేదన్నమాట.

ఫిబ్రవరి 23

మా కూతురు అమ్మడికి దాని సొంత జత ఇచ్చాను. తెలుపు మీద ఎర్ర గీత, మడమ మీద ఎడంకాలు ముద్ర. పెట్టె తెరిచి నా మెడ పట్టుకుని వేళ్ళాడింది. పద్నాలుగేళ్ళొచ్చినా ఇంకా పసిపిల్లే. బడి జట్టులో కుడివైపు ముందు వరసలో ఆడుతుంది, నా కంటే వేగం. ఈ మాట దాని ముందు అనను.

వేసుకుని హాల్లో నాలుగడుగులు వేసింది.

"ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి నాన్నా. కొంచెం..."

"కొంచెం బిగువుగా ఉంటాయి, ఉండాలి. వారం తిరిగేసరికి నీ మాట వింటాయి."

తలూపింది. బకెట్లో నీళ్ళు నేనే పట్టిచ్చాను. తండ్రీకూతుళ్ళం చెరో బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. నాకవసరం లేదు, అయినా కూర్చున్నాను. మా ఆవిడ చూసి, "ఇల్లంతా నీళ్ళు చేసి పెట్టండి, తుడవడానికి నేనున్నాగా" అంది. చాలాకాలానికి ఇంత హాయిగా ఉంది.

మార్చి 1

అమ్మడి మ్యాచ్. పరిగెత్తుతుంటే మునుపటి ఊపు లేదు. మలుపు తిరిగేటప్పుడు కాలు వెనకాడుతోంది. గీత పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచాను. బద్ధకం. ఫోను చూసి చూసి వచ్చిన బద్ధకం.

మార్చి 6

వచ్చింది! బడుల ఫుట్‌బాల్ లీగ్ మా బూట్లే తీసుకుంటుంది. ఇరవై నాలుగు బడులు, ఆడపిల్లల జట్లూ మగపిల్లల జట్లూ కలిపి ఆరువందల జతలు. మే నెల మొదటి శనివారం లీగ్ మొదలు. ఏప్రిల్ నెలాఖరుకి అందించాలి.

లీగ్ కార్యదర్శి ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. ఆవిడ ముందు కూర్చుంటే నాకే హోంవర్కు చేయనివాడిలా అనిపించింది. "కెప్టెన్, నాకు తోలు గురించి తెలియదు. మీ మాట మీద తీసుకుంటున్నాను" అన్నారు.

నా మాట మీద. షెడ్డుకెళ్ళి బల్లెక్కి మరీ అందరికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. మేస్త్రి కూడా కొట్టాడు. తర్వాత దగ్గరికొచ్చి, "పిల్లలందరివీ ఒక్కసారి కొలతలు తీసుకుందామా బాబూ? నిలబెట్టి కాగితం మీద గీస్తే చాలు. కూర్చోబెట్టి గీస్తే తప్పొస్తుంది, బరువు పడ్డాకే పాదం నిజం చెప్తుంది" అన్నాడు. పన్నెండు వందల పాదాలు! లీగ్ అయిపోయేదాకా గీస్తూనే ఉండాలి. సైజులు బడులే రాసి పంపుతాయని చెప్పాను.

మార్చి 8

భోజనాల దగ్గర అమ్మడికి ఫైనల్ కథ చెప్పాను, బొటనవేలు చిట్లితే రెండో సగమంతా దాంతోనే ఆడానే, ఆ కథ. గోల్ కూడా ఆ కాలితోనే. డాక్టరుకి చెప్పలేదు, కోచ్‌కి చెప్పలేదు. చెప్తే కూర్చోబెడతారు. నొప్పి అని నోటితో అన్న రోజున ఆటగాడు సగం చచ్చినట్టే.

"ఈ కథ ఇరవైసార్లు విన్నాం" అంది మా ఆవిడ.

అమ్మడు మాత్రం శ్రద్ధగా వింది. కంచంలోంచి తలెత్తలేదు కానీ వింది.

మార్చి 15

మళ్ళీ మ్యాచ్, మళ్ళీ అదే తంతు. సగం ఆట కాకుండానే వాళ్ళ ఆటల టీచరు అమ్మడిని బయటికి పిలిచి కూర్చోబెట్టింది. నా కూతురిని! కారులో వస్తూ నాలుగు చీవాట్లు పెట్టాను. ఇంటికొచ్చాక మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది, లోపలికి రమ్మంటే "వస్తా, నువ్వెళ్ళు" అంది. అలిగింది. వాళ్ళమ్మ పోలికే.

మార్చి 22

అమ్మడు ఆట మానేస్తానంటోంది.

ఇంకేమీ కాదు, ఒక్క మాట, "మానేస్తాను నాన్నా, చదువుకుంటాను." చదువుకుంటుందట! ఈ ఇంట్లో ఆ మాట ఎవరినీ ఇంత భయపెట్టి ఉండదు. నేను అరిచాను. అది అరవలేదు. వాళ్ళమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్ళి, "దాన్ని కాసేపు వదిలెయ్యండి. ఏదో ఉంది, చెప్పడం లేదు" అంది. ఏముంటుంది? మంచి ఆటగాడికి కూడా నడుమ ఒక చెడ్డకాలం వస్తుంది, నాకూ వచ్చింది. గట్టిగా పట్టుకుంటే పోతుంది.

రెండేళ్ళప్పుడు దీనికి మొదటిసారి బంతి దొర్లించింది నేను. కుడికాలితో తన్నింది. ఎడంకాలు కాదని బెంగపడ్డాను కూడా. ఇది ఆడకపోతే ఈ బూట్లు ఎవరి కోసం చేస్తున్నట్టు? ఆరువందల జతలు ఒకెత్తు, ఈ ఒక్క జత ఒకెత్తు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 23

మానదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 2

ఇవాళ దొంగని పట్టుకున్నాను.

మేస్త్రి భోజనానికి వెళ్ళాడు. మైనం దారం కోసం ఆయన బల్ల సొరుగు లాగాను. అడుగున గుడ్డలో చుట్టి ఒక జత. మన తెల్లతోలే, మన ఎర్ర గీతే, కింద పట్టుకి మన స్టడ్లే. కానీ మడమ మీద ముద్ర లేదు. ముందువైపు వెడల్పు, ఆయన పాత అచ్చు మీద కుట్టినట్టే. అంటే ఏమిటి? మన సరుకుతో నమూనా చేసి ఇంకో కంపెనీకి చూపించబోతున్నాడన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

రాగానే జత ముందు పెట్టాను.

"ఇదేమిటి?"

చూశాడు. "బూట్లు బాబూ."

"కనబడుతోంది. ఎవరికి?"

మిషన్లన్నీ ఆగిపోయాయి.

"ఎవరికని అడుగుతున్నాను."

"చెప్పకూడదు బాబూ. తోలు మాత్రం ముక్కలది. కావాలంటే జీతంలో కోసుకోండి."

"చెప్పకూడదా? నా షెడ్డులో, నా తోలుతో, నా వెనకాల కుట్టి, చెప్పకూడదా? దీన్నేమంటారో తెలుసా?"

"తెలుసు" అన్నాడు. నేను ఆ మాట అనేశాను. దొంగ అని. పద్నాలుగు మంది ముందు అన్నాను. పని మానెయ్యమన్నాను. ఆయన తన పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకున్నాడు, గుమ్మం దగ్గర ఆగి జత వైపు చూశాడు. "నీళ్ళలో నానబెట్టకండి. వాటికి అక్కర్లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పోతూ పోతూ పొగరు. ఆ జతని సాక్ష్యంగా ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టాను. సరైన పని చేశాను.

ఏప్రిల్ 3

సరైన పనే చేశాను.

ఏప్రిల్ 4

బావమరిది కూడా అన్నాడు, సరైన పనేనని.

ఏప్రిల్ 8

రెండువందల జతలు పూర్తయ్యాయి. షెడ్డులో ఎవరూ నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. పని మాత్రం నడుస్తోంది. కెప్టెన్ అన్నాక అందరికీ నచ్చాలని ఎక్కడా లేదు.

ఏప్రిల్ 11

అమ్మడు రేపటి మ్యాచ్ ఒక్కటీ ఆడి మానేస్తానంది. "ఆడతావు, తర్వాత మాట్లాడదాం" అన్నాను. రేపు కార్యదర్శి గారు కూడా చూడటానికి వస్తున్నారు. బూట్లు మైదానంలో ఎలా ఉంటాయో చూస్తారట.

ఏప్రిల్ 12

గెలిచారు. మూడు ఒకటి. అమ్మడు రెండు గోల్స్.

అలసిపోయాను. రేపు రాస్తాను.

ఏప్రిల్ 13

రాయాలి. రాయకపోతే నాకు నేనే ఇంకో కథ అల్లుకుంటాను, అందులో నా అంత నేర్పరి ఎవడూ లేడని ఈ పుస్తకం తిరగేస్తే తెలుస్తోంది.

నిన్న అమ్మడు మైదానంలోకి దిగిన రెండో నిమిషానికే నాకు ఒళ్ళు పులకరించింది. మునుపటి పిల్ల! మలుపు తిరిగితే ఎదుటి పిల్ల ఎటు పోవాలో తెలియక కూలబడిపోతోంది. మొదటి గోల్‌కి ఎగిరి గంతేశాను, మోకాలి సంగతే గుర్తు రాలేదు. పక్కన కార్యదర్శి గారున్నారు. ఊరుకుంటానా? "చూశారా మేడం! కొత్తలో కొంచెం బిగువు, ఒక్కసారి కాలికి అలవాటు పడితే ఇదీ వరస. ఇది మా బూటు పనితనం" అన్నాను. రెండో గోల్ అయ్యాక ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది.

ఆట అయ్యాక అమ్మడు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాను. విప్పిన బూటు చేతికి తీసుకుని, మడమ మీద ముద్ర చూపిద్దామని తిప్పాను.

ముద్ర లేదు.

బీరువా మీద పెట్టిన జత. వెడల్పు జత. దొంగ జత.

అమ్మడు నా ముఖం చూసింది. కార్యదర్శి గారు ఎదురుచూస్తున్నారు. నేను ఏం చేశానంటే, నవ్వి, "నమూనా జత మేడం, ముద్ర ఇంకా వేయలేదు" అన్నాను. "సరిగ్గా ఇలాంటివే పంపండి" అని ఆవిడ వెళ్ళిపోయారు. అంత తడుముకోకుండా అబద్ధం ఆడగలనని నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మేజోళ్ళు తియ్యమన్నాను. వద్దంది. వాళ్ళమ్మ తీసింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ లేవు. చిటికెన వేళ్ళు రెండూ నల్లగా కమిలి ఉన్నాయి, మడమ వెనక పాత పుండు మీద కొత్త చర్మం. డ్రెస్సింగ్ రూములో నా కాళ్ళు ఇంతకంటే అధ్వాన్నంగా ఉండేవి, నవ్వుకునేవాళ్ళం. నిన్న నవ్వు రాలేదు. మా ఆవిడ నన్నొక చూపు చూసింది. దానికంటే తిట్టినా బాగుండేది.

మెల్లగా ఒక్కొక్క మాటే చెప్పింది అమ్మడు. మార్చి నెలాఖరులో బడి నుంచి వస్తూ షెడ్డుకి వెళ్ళిందట. నేను లేను. మేస్త్రి దాని ముఖం కంటే ముందు నడక చూశాడట. కూర్చోబెట్టి కాళ్ళు కడిగి, గుడ్డ చుట్టి, తర్వాత నిలబెట్టి కాగితం మీద పాదాలు గీశాడట. నాన్నకి చెప్పనని మాట ఇస్తేనే గీయించుకుంటానంది ఇది. ఆయన ఇచ్చాడు. బీరువా మీద ఆ జత చూడగానే అది తన కోసం కుట్టిందేనని తెలిసిందట.

"మరి ఆట ఎందుకు మానేస్తానన్నావు?" అని అడిగాను.

"మానాలని లేదు నాన్నా. ఆ బూట్లు మానాలని ఉంది" అంది. "నీ బూట్లు నొప్పని నీకు చెప్పడం కంటే ఆట మానేస్తానని చెప్పడమే తేలిక."

పప్పులో కాలేయడం అంటారే, నేను రెండు కాళ్ళూ వేశాను. అదీ ఒక సైజు తక్కువ బూట్లతో.

ఏప్రిల్ 14

పొద్దున్నే మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఒక గది, ముందు రెండు మెట్లు. మెట్ల మీద కూర్చుని ఎవరిదో చెప్పు పట్టీ కుడుతున్నాడు. ముందు నా కాళ్ళు చూశాడు, తర్వాత ముఖం.

"రండి బాబూ. ఆ మోకాలితో కింద కూర్చోవద్దు, స్టూలుంది."

కూర్చోలేదు. మాటలు దారి పొడుగునా తయారు చేసుకునే వచ్చాను.

"మీరు చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను. క్షమించమని అడగడానికి వెళ్ళినవాడు అనాల్సిన మొదటి మాట అది కాదు. నాకు అలవాటు లేదు.

"అమ్మాయికి మాటిచ్చాను."

"నేను దొంగ అన్నాను మిమ్మల్ని."

"అన్నారు" అన్నాడు దారం కొరుకుతూ. "వినబడింది. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి."

"పద్నాలుగు మంది ముందు అన్నాను. ఆ పద్నాలుగు మంది ముందే తప్పయిందని చెప్తాను. రండి."

కాసేపు ఆ చెప్పు అటూ ఇటూ తిప్పి చూశాడు. "వస్తాను. కానీ అచ్చులు నేను చెక్కిందే లెక్క. పెట్టె మీద ఏముందో లోపల అదే. పిల్లలందరి పాదాలూ నిలబెట్టి గీయాలి. మీకు ఓపిక ఉందా?"

ఉందన్నాను. ఇది మాత్రం పొగరుతో అన్నది కాదు.

షెడ్డులో మళ్ళీ బల్లెక్కాను. పోయిన నెల ఎక్కినంత సులువుగా ఎక్కలేకపోయాను. చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాల్సిన సందర్భం కూడా కాదు. మేస్త్రి సంచి విప్పి పనిముట్లు బల్ల మీద పరుచుకున్నాడు, మిషన్లు మొదలయ్యాయి.

ఏప్రిల్ 15

కార్యదర్శి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి అని. ముద్ర లేని జత గురించి అబద్ధమాడానని కూడా. ఆరువందల జతలు మే మొదటికి రావని, పిల్లలు ఒక నెల పాత బూట్లతోనే ఆడాలని చెప్పాను. ఆర్డరు రద్దు చేసుకున్నా తప్పు పట్టనన్నాను.

ఆవిడ ఆర్డరు కాగితం తీసి ముందు పెట్టుకున్నారు.

"మీ అమ్మాయి మార్చిలో కుంటుతూ ఆడింది కెప్టెన్. రెండు మ్యాచుల్లో చూశాను. మీరు గీత పక్కనే ఉన్నారు. మీకు కనబడలేదా?"

కనబడలేదని చెప్పాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

"జూన్ మొదటికి ఇవ్వండి" అన్నారు. "ఈసారి మీ మాట మీద కాదు. నేనే వచ్చి ఒక జత వేసుకుని నడుస్తాను."

బావమరిది తల పట్టుకున్నాడు. "రెండువందల జతలు ఏం చేసుకుంటాం బావా, నెత్తిన పెట్టుకుంటామా?" పెట్టెల మీద సైజు సరిగ్గా రాసి, ఇరుకు బూట్లు కావాలని కోరి అడిగే పెద్దవాళ్ళకి అమ్ముదాం అన్నాను. మొదటి ఫోన్ మా గోల్‌కీపర్ గోడకే చేశాను. వాడు అరగంట నవ్వి, ఇరవై జతలకి మనుషుల్ని చూస్తానన్నాడు. నాకు ఏ సందేహమూ లేదు, ఈ వ్యాపారం నిలబడుతుంది. ఇంతకుముందూ ఇంతే ధీమాగా రాశాను, కానీ అప్పుడు మేస్త్రి మాట వినలేదు.

ఏప్రిల్ 27

ఇవాళ షెడ్డు సంతలా ఉంది. ఎనిమిది బడుల పిల్లలు వచ్చారు, మిగతావాళ్ళు వచ్చే వారం. నేల మీద వరసగా కాగితాలు పరిచాం. పిల్లలు చెప్పులు విప్పి నిలబడతారు, మేస్త్రి ఒక వరస, నేను ఒక వరస. మోకాలి కింద దిండు పెట్టుకుని పెన్సిల్‌తో పాదం చుట్టూ గీయడం నా పని. తొంభై మందిని గీశాను. ఇంతమంది కాళ్ళ దగ్గర కూర్చుంటానని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాను. బాగుంది. కితకితలని ఒకటే నవ్వులు.

గీశాక కొత్త అచ్చు మీద కుట్టిన నమూనా బూటు తొడిగి అందరినీ ఒకటే అడుగుతున్నాను, "ఎక్కడైనా నొక్కుతోందా?" పిల్లలకి మొహమాటం లేదు. "ఇక్కడ అంకుల్", "మడమ దగ్గర", "బూటు నాలిక గుచ్చుతోంది" అని టకటకా చెప్పేశారు. ఒకడైతే "రంగు బాగోలేదు" అన్నాడు. చెప్పిందల్లా కాగితం మీద రాశాను.

వరసలో ఆఖరున అమ్మడు నిలబడింది. దాని జట్టు పిల్లలంతా వెళ్ళిపోయాక వచ్చింది. పాదం గీశాను. గోళ్ళు మళ్ళీ వస్తున్నాయి, సన్నగా, గరుకుగా. బూటు తొడిగాను.

"నొక్కుతోందా?"

అది నా ముఖం చూసింది. మిగతా పిల్లలంతా బూటు వైపు చూసి చెప్పారు, ఇది నా ముఖం చూసింది. నేను ఏ జవాబు కోరుకుంటున్నానో వెతుక్కుంది.

"లేదు నాన్నా. బాగుంది."

"మళ్ళీ చూసి చెప్పు."

"బాగానే ఉంది."

నేను కదల్లేదు. దిండు మీదే కూర్చున్నాను. పక్క వరసలో మేస్త్రి కాగితాలు సర్దుకుంటూ మా వైపు చూడనట్టు ఉన్నాడు. అమ్మడు వంగి చిటికెన వేలు దగ్గర చెయ్యి పెట్టింది.

"ఇక్కడ. కొంచెం."

గుర్తు పెట్టాను.

"ఇక్కడ కూడా. వంగినప్పుడు."

గుర్తు పెట్టాను. ఇంకా అన్నాను. మడమ పైన చూపించింది. తర్వాత లేసులు మరీ పొడుగన్నది. లోపల అట్ట చివర గరుకన్నది. కట్ట తెగినట్టు వస్తూనే ఉన్నాయి, ఏడో ఎనిమిదో రాశాను. అయిపోయిందనుకుని లేవబోతుంటే నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఇంకోటి నాన్నా. మ్యాచ్‌కొస్తే గీత పక్కన నిలబడి అరవకు. నాకు కాళ్ళాడవు."

మేస్త్రి దగ్గినట్టు చేసి అటు తిరిగాడు. పెన్సిల్ నా చేతిలోనే ఉంది. ఆ కాగితం మీద, దాని చిటికెన వేలి పక్కన కొంచెం చోటుంటే, అదీ రాశాను.